బెంటన్‌విల్‌లో నిద్రపోయిన రాక్షసమృగం

ఆ రోజుల్లో మేము అలసిపోయేవాళ్ళం కాని, అలసిపోయామన్న సంగతి మాకు తెలిసేది కాదు. ఇప్పుడలా కాదు. ఇప్పుడు నా అలసటకు వేళ, కారణం, వీలైతే అది ఒంట్లో ఎక్కడ కూర్చుందో కూడా రాసిపెట్టుకోగలను (రాసిపెట్టుకుంటున్నాను కూడా, దినచర్య రాయడం చదువుకునే రోజుల్లో పట్టుకున్న అలవాటు, ఇంకా వదల్లేదు). సోమవారం మెడ, బుధవారం కళ్ళు, శుక్రవారం సాయంత్రానికి మొత్తం మనిషి. అప్పట్లో ఈ వివరాలేవీ ఉండేవి కావు. కూర్చుంటే నిద్ర వచ్చేది, నిలబడితే నిద్ర వచ్చేది, మీటింగ్‌లో మేనేజర్ నా మొహమే చూస్తూ మాట్లాడుతుంటే మరీ వచ్చేది. దాన్నే మేము యౌవనం అనుకునేవాళ్ళం. అటువంటి యౌవనంలో ఒకనాడు, ఊళ్ళో తెలుగువాళ్ళందరూ చూస్తుండగా, ఒక జపాన్ రాక్షసమృగం కడుపులో నేను నిద్రపోయాను. నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు పాత మిత్రులు ఇప్పటికీ నా ఉద్యోగం కంటే ముందు ఈ సంగతే చెబుతారు. చెప్పిన ప్రతిసారీ అది కాస్త పెరుగుతోంది. కనుక పెంచకుండా, తగ్గించకుండా ఒకసారి రాసిపెట్టడం నా బాధ్యత అనిపించింది.

అప్పుడు నేను ఆర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో కాంట్రాక్టర్‌ని. ఊరంతా ఒక పెద్ద దుకాణాల సంస్థ చుట్టూ అల్లుకుని ఉంటుంది. ఆ సంస్థలో పనిచేసేవాళ్ళు కొందరు, ఆ సంస్థకు సరుకు అమ్మేవాళ్ళు కొందరు, ఈ ఇద్దరి కంప్యూటర్లు పోట్లాడుకోకుండా చూసే మావంటివాళ్ళు మిగిలినవారు. రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో నలుగురు బ్రహ్మచారులం ఉండేవాళ్ళం. నలుగురికీ కలిపి ఒక కారు, ఒక కుక్కర్. పడకలు మాత్రం ఎవరివి వారివి. మిగతా ముగ్గురివీ గాలి పరుపులు. రాత్రి విమానంలా ఉబ్బి ఉండేవి, తెల్లారేసరికి గాలి దిగిపోయి మనిషి వీపు కార్పెట్‌ను తాకేది. నాది ఒక్కటే సిసలైన ఫోమ్ పరుపు. దాని మీద నాకున్నది మమకారమని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. దేశం కాని దేశంలో నన్ను ఏ ప్రశ్నా అడగకుండా ఆదుకున్న వస్తువు అదొక్కటే.

మా నలుగురిలో ఒకణ్ణి 'డైరెక్టర్' అని పిలిచేవాళ్ళం. వరంగల్ మనిషి. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, మిగిలిన వేళంతా సినిమా. అన్నం కలుపుకుంటూ కూడా రెండు చేతుల వేళ్ళతో చతురస్రం చేసి, అందులోంచి మా మొహాలు చూసేవాడు (ఆ వేళ్ళకు పప్పు అంటి ఉండేది). ఈ డైరెక్టర్‌కు మా కింది అంతస్తులో ఉండే ఒక జపాన్ పెద్దాయనతో స్నేహం కుదిరింది. ఆయన కూతురు ఆ దుకాణాలకు వంటింటి సామాను సరఫరా చేసే ఒక కంపెనీలో ఉద్యోగి. తండ్రి ఆమె దగ్గర కొన్నాళ్ళు ఉండి పోదామని వచ్చాడు. మన పెద్దవాళ్ళూ ఆర్నెల్ల కోసం అలాగే వస్తారు కనుక, ఆయన పరిస్థితి మాకు వివరించనక్కర్లేకపోయింది. ఉదయంపూట అపార్ట్‌మెంట్ల వెనక చెరువు చుట్టూ మంకీ క్యాపులు పెట్టుకుని తిరిగే తెలుగు తండ్రుల గుంపులో ఆయన కూడా ఒక టోపీతో చేరిపోయాడు. ముఖ్యంగా హెడ్మాస్టారితో జంట. హెడ్మాస్టారంటే తెనాలి వైపు ఏదో హైస్కూల్లో రిటైరై కొడుకు దగ్గరికి వచ్చినవారు. ఈయన తెలుగులోనూ ఆయన జపనీస్‌లోనూ గంటసేపు ధారాళంగా మాట్లాడుకునేవారు. ఇద్దరికీ ఎన్నడూ అభిప్రాయభేదం రాలేదు.

ఆ జపాన్ తాతగారు (మేమంతా అలాగే పిలిచేవాళ్ళం) వయసులో ఉన్నప్పుడు తమ దేశంలో ఒక సినిమా స్టూడియోలో కథల విభాగంలో చిన్న ఉద్యోగం చేశారట. పట్టణాలను తొక్కేసే రాక్షసమృగాల సినిమాలు తీసే స్టూడియో. ఒక కొత్త మృగం కావాలి, ఊహలు చెప్పండి అని పైవాళ్ళు అడిగితే, ఈయన ఒక కథ రాసి ఇచ్చారు. కూతురు ఇంగ్లీషులో చెప్పగా విన్న ఆ కథను డైరెక్టర్ మాకు వంటగదిలో, గరిటె మైకులా పట్టుకుని వినిపించాడు.

"సముద్రంలకెళ్ళి ఒక పెద్ద జంతువు వస్తది భై. గుట్టంత ఉంటది. అందరు ఉరుకుతరు. అది సక్కగ సిటీ నడిమికొచ్చి..."

"తగలబెడుతుంది," అన్నాడు కుక్కర్ దగ్గరున్నవాడు.

"కాదు. పండుకుంటది."

"పడుకుని?"

"పండుకుంటది, గంతే. సినిమా మొత్తం పండుకునే ఉంటది. మిలిటరీ వస్తది, మంత్రి వస్తడు, సైంటిస్టు వస్తడు. ఎవ్వరు లేపినా లేవది. ఇగ చూసి చూసి జనం అలిసిపోయి, దాని పక్కకే బతుకుడు షురూ చేస్తరు. తోక మీద బట్టలారేస్తరు. ఒకనాడు పొద్దుగాల దానంతట అదే లేస్తది. ఎవ్వర్నీ ఏమనకుండ సముద్రంలకు నడుసుకుంట పోతది."

"అది సముద్రం నుంచి ఎందుకొచ్చినట్టు మరి?" అని నేను అడిగాను (కారణం లేని సంఘటనలు నాకు అప్పటికే గిట్టేవి కావు).

"అలిసిపోయి వచ్చింది రా భై. ఆడ జాగా సరిపోలే."

స్టూడియో పెద్దలు కథ విని, లేచాక ఇది ఎవరితో పోరాడుతుంది అని అడిగారట. ఎవరితోనూ పోరాడదు, ఇంటికి వెళ్తుంది అని ఈయన చెప్పారట. వాళ్ళు మృగం ఆకారాన్ని ఉంచుకుని నిద్రను తీసేశారు. దానికి కోపం పెట్టారు, నోట్లోంచి మంట పెట్టారు. ఆ సినిమా వచ్చింది, ఆడింది. దాని పేరేమిటో తాతగారు ఎంత అడిగినా చెప్పలేదు. ఆయన మొదట ఊహించిన నిద్రపోయే మృగం మాత్రం పేరు పెట్టే దశకు కూడా రాకుండా ఆగిపోయింది. ఉగాది దాటిన మరుసటి వారం ఆయన తిరుగు ప్రయాణం. మళ్ళీ రావడం కుదరదని డాక్టర్లు చెప్పారని కూతురు డైరెక్టర్‌తో అన్నదట. అది విన్నాక డైరెక్టర్ ఆ కథను మా తెలుగు సంఘం ఉగాది సభలో యూత్ ఐటమ్‌గా వేయాలని తీర్మానించుకున్నాడు. తాతగారిని మొదటి వరసలో కూర్చోబెట్టి, ఎవరూ తీయని ఆయన సినిమాను ఆయనకు చూపించాలి. తాతగారు ఒప్పుకున్నారు కాని, ఒక్క షరతు పెట్టారు. ఎవరూ దాన్ని లేపకూడదు. అదే లేవాలి. మిగతాది మీ ఇష్టం అన్నారు.

పాత్రల పంపకంలో అందరూ మాటలున్న వేషాలే కోరుకున్నారు. ఒకడు సేనాపతి, ఒకడు మంత్రి, టీవీ రిపోర్టర్ వేషం డైరెక్టర్‌దే. మృగం వేషానికి మిగిలింది నేను. "నువ్వేం జెయ్యనక్కర్లే భై," అన్నాడు డైరెక్టర్, నా భుజం మీద చెయ్యేసి. "నడుసుకుంట రా, పండుకో. అలల సౌండ్ పెడత, అది ఇని లేసి, ఆడియెన్స్ నడుమకెల్లి తలుపు దిక్కు పో. నీ అంత మంచిగ పండుకునేటోడు మనల ఎవడున్నడు చెప్పు?" దీన్ని నేను పొగడ్తగా స్వీకరించాను.

మృగం తయారీ మా హాల్లోనే జరిగింది. అట్టపెట్టెలకు ఆ ఊళ్ళో కొదవ లేదు. వాటితో తల, కోరలు అయ్యాయి. బట్టలారబెట్టే మెషీన్ వెనక ఉండే ముడతల గొట్టాన్ని తోకకు వెన్నెముకగా పెట్టారు. ఆకుపచ్చ టార్పాలిన్ చర్మం అయింది. చిక్కల్లా పొట్టతో వచ్చింది. పొట్ట మెత్తగా, గుండ్రంగా, పడుకున్నప్పుడు సహజంగా ఒదిగేలా ఉండాలని డైరెక్టర్ పట్టు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి నా పరుపు రెండు ముక్కలై, టార్పాలిన్‌లో కుట్టబడి, తోకతో సహా గోడకు ఆని నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్ళి కుట్లు తడిమి చూశాను. "ఆర్ట్ కోసం భై," అన్నాడు డైరెక్టర్, చూపు తప్పించి. ఆ తర్వాత వారం రోజులు నేను కార్పెట్ మీద పడుకున్నాను. పడుకున్నాననడం కంటే కార్పెట్ మీద ఉన్నాననడం సబబు. సరిగ్గా అదే వారం మా ప్రాజెక్టులో కొత్త సిస్టమ్ అన్ని దుకాణాలకూ వెళ్ళింది. వెళ్ళిన చోటల్లా పడిపోయింది. పడినచోటల్లా నన్నే పిలిచారు. ఈ రెండు సంగతులనూ పాఠకులు మనసులో పెట్టుకోవాలని మనవి. న్యాయం జరగాలంటే అవి అవసరం.

ఉగాది సభ ఒక స్కూలు ఆడిటోరియంలో. మా నాటకం సాయంత్రం ఐదుకని కరపత్రంలో వేశారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, పంచాంగ శ్రవణం, ముఖ్య అతిథి ప్రసంగం, ముఖ్య అతిథిని పరిచయం చేసినవారి ప్రసంగం (ఇది పెద్దది), పిల్లల డ్యాన్సులు, మళ్ళీ పిల్లల డ్యాన్సులు, స్పాన్సర్లకు శాలువాలు. వీటన్నిటి వెనక, తెర చాటున, నేను ఆ మృగంలో నిలబడే ఉన్నాను. ఒకసారి తొడిగితే విప్పడానికి ఇద్దరు మనుషులు, ఒక స్క్రూడ్రైవర్ కావాలి కనుక విప్పలేదు. నా మొహం మృగం మొహంలో ఉండదు. దాని మెడ కింద, ఎదభాగంలో, దోమల వల కుట్టిన చిన్న కిటికీ వెనక ఉంటుంది. అందులోంచి వెలుతురు, బాగా దగ్గరున్నవి తప్ప మరేమీ కనిపించవు. ఎట్టకేలకు మమ్మల్ని పిలిచేసరికి ఏడు దాటింది.

నేను సముద్రం నుంచి వచ్చాను. అట్టపెట్టెల నగరంలో నడిచాను. పిల్లలు కేకలు పెట్టారు, అది నాకు గుర్తుంది. నగరం నడిబొడ్డున వంగి, ఒత్తిగిలి, నెమ్మదిగా ఒరిగాను. ఒరిగిన మరుక్షణం నా చెంపకు, వీపుకు, మోకాళ్ళకు ఒకేసారి ఏదో తెలిసిన స్పర్శ తగిలింది. నా పరుపు. వారం రోజుల ఎడబాటు తర్వాత, చీకట్లో, వెచ్చగా, నలుదిక్కులా నా పరుపే. 'ఇక్కడున్నావా' అనుకున్నాను. నా జ్ఞాపకం అంతటితో ఆగిపోతుంది.

ఇక్కడి నుంచి రాసేది పరుల సాక్ష్యం. ముగ్గురిని విడివిడిగా అడిగి, కనీసం ఇద్దరు ఏకీభవించినదాన్నే స్వీకరించాను. సేనాపతి అట్ట తుపాకులతో వచ్చి అరిచాడు, మంత్రి వచ్చి ప్రసంగించాడు, తోక మీద చీరలు ఆరేశారు. అంతా కథ ప్రకారమే నడిచింది. నా నటన అద్భుతంగా ఉందని, ఊపిరి కూడా నిజమైన మృగంలా బరువుగా తీస్తున్నానని జనం అనుకున్నారు. అప్పుడు డైరెక్టర్ అలల శబ్దం పెట్టాడు. అలల శబ్దం విని లేవవలసినవాణ్ణి, ఆ శబ్దానికి ఇంకాస్త హాయిగా ముడుచుకున్నాను. రెండోసారి పెట్టాడు. రెండోసారికి గురక మొదలైంది. మృగం తల నిశ్శబ్దంగా ఉండి గుండెల్లోంచి గురక రావడం చూసి, ముందు వరసలోని ఒక పాప లేచి నిలబడి, "అమ్మా, హీ ఈజ్ యాక్చువల్లీ స్లీపింగ్!" అని హాలంతటికీ ప్రకటించింది. డైరెక్టర్ రిపోర్టర్ మైకును వెనక్కి దాచుకుని, నా పక్కన మోకరిల్లి, "లే భై... లేవురా నీ కాళ్ళు మొక్కుత..." అన్నాడు. అతని కాలరుకు ఉన్న అసలు మైకు ఆ మాటలను చివరి వరస దాకా చేరవేసింది.

సభ గొల్లుమంది. ఆ నవ్వుల్లోంచి హెడ్మాస్టారు లేచారు. ఆయన అప్పటిదాకా కథ అర్థం కాక ఇబ్బంది పడుతున్నారట. ఇప్పుడు ఒక్కసారిగా అంతా తేటపడింది. "ఓహో! కుంభకర్ణుడయ్యా! ముందే చెప్పరేం?" అంటూ చేతికర్రతో వేదికెక్కి, ఎవరూ ఇవ్వకుండానే మైకు అందుకున్నారు. "ఒరేయ్ అబ్బాయిలూ, కుంభకర్ణుణ్ణి లేపే పద్ధతి ఇదటరా? ఈ తుపాకులేమిటి? వాద్యాలుండాలి, భక్ష్యాలుండాలి! ఏవమ్మా, మృదంగం ఎవరిదీ? ఇటు తీసుకురండి!" అన్నారు. డ్యాన్స్ టీచర్ మృదంగం వచ్చింది. హెడ్మాస్టారి మనవరాలు స్కూలు బ్యాండులో ట్రాంబోన్ అనే ఇత్తడి బూర వాయిస్తుంది, అదీ వచ్చింది. వంటల దగ్గరున్న ఆంటీలు పులిహోర పళ్ళెం, బొబ్బట్ల పళ్ళెం పట్టుకొచ్చి మృగం ముక్కు కింద ఆడించారు. (ఆ ముక్కు అట్ట. అసలు ముక్కు రెండు అడుగుల కింద, ఫోమ్ వెనక, బొబ్బట్ల సంగతే తెలియకుండా ఉంది. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.) ఒక డాక్టర్ ఆంటీ వల కిటికీ దగ్గర చెవి పెట్టి విని, "ఏం భయం లేదండీ, గాలి బాగానే ఆడుతోంది. పాపం, బాగా అలసిపోయినట్టున్నాడు" అని తీర్పు చెప్పింది. మృదంగం, ట్రాంబోన్ కలిసి మోగాయి. మా ప్రాజెక్టు వారం మొత్తంలో అంతకంటే నెమ్మదైన వాతావరణం నాకు దొరకలేదు కాబోలు, కదల్లేదు.

ఈ సందడిలో అందరూ ఆనందంగా ఉన్నారు, ఇద్దరు తప్ప. జపాన్ తాతగారు కుర్చీలోంచి సగం లేచి, చెయ్యి అడ్డంగా ఊపుతున్నారట, వద్దు వద్దు అన్నట్టు. కూతురు వేదిక అంచుకు వచ్చి డైరెక్టర్‌తో ఇంగ్లీషులో, "దయచేసి లేపవద్దని నాన్న అంటున్నారు. లేపితే ఇది ఆయన కథ కాదు" అంది. డైరెక్టర్ రెండు చేతులూ చాచి నాకూ పళ్ళేలకూ మధ్య నిలబడ్డాడు.

"ఆగుండ్రి! ఎవ్వరు లేపొద్దు! ప్లీజ్ ఆంటీ, పులిహోర తీసుకుపోండ్రి!"

"నాటకం అవ్వాలా వద్దా బాబూ?" అన్నారు హెడ్మాస్టారు.

"లేపితే అవ్వది సార్! లేపకుంటేనే అవుతది!"

"ఇదెక్కడి నాటకమయ్యా!"

అంతలో సంఘం ప్రెసిడెంట్ అన్నయ్య పక్క తెర నుంచి వచ్చాడు. "తమ్ముడూ, కేటరింగ్ వాళ్ళు వెళ్ళిపోతామంటున్నారు. హాలు టైమ్ అయిపోతోంది. ఈయన్ని పక్కకి జరుపుతారా?" మృగాన్ని నలుగురు పట్టుకుని జరపబోయారు. తోక చేతికొచ్చేలా ఉండటంతో వదిలేశారు. ప్రెసిడెంట్ అన్నయ్య ఒక నిట్టూర్పు విడిచి, మైకు తీసుకుని, ఏ సేనాపతీ చేయలేని పని ఒక్క మాటతో చేశాడు. "డిన్నర్ రెడీ అండీ."

తెలుగు సభలు చూసినవారికి ఆ తర్వాత జరిగినది చెప్పనక్కర్లేదు. కుర్చీలు కీచుమన్నాయి, చెప్పులు పరుగెత్తాయి, మృదంగం నేల మీదే ఉండిపోయింది. ట్రాంబోన్ కూడా పరుగెత్తింది. పక్కనున్న కెఫెటేరియాలోకి జనమంతా మాయమయ్యారు. హాల్లో మిగిలినవారు ముగ్గురే: వేదిక అంచున తల పట్టుకుని కూర్చున్న డైరెక్టర్, మొదటి వరసలో కదలకుండా కూర్చున్న తాతగారు, ఆయన పక్కన కూతురు. ఇక పోదామా అని ఆమె అడిగిందట. కాసేపు చూద్దాం అన్నారట ఆయన.

నాకు మెలకువ వచ్చింది అప్పుడే. నన్ను లేపింది శబ్దం కాదు, శబ్దం ఆగిపోవడం. ముగ్గురి గురకల మధ్య పడుకునే అలవాటున్నవాణ్ణి. అంత నిశ్శబ్దం నా నిద్రకు పడదు. కళ్ళు తెరిస్తే వల కిటికీలో వెలుతురు తప్ప ఏమీ లేదు. ఎక్కడున్నానో తెలియడానికి కొంతసేపు పట్టింది. తెలిశాక, అంత జనం చడీచప్పుడు లేకుండా ఉన్నారంటే కథలో లీనమై ఊపిరి బిగబట్టి చూస్తున్నారని అర్థం చేసుకున్నాను (నా జీవితంలో నా ప్రతిభ మీద నాకు సంపూర్ణ విశ్వాసం కలిగిన క్షణం అదొక్కటే). సమయం మించలేదన్నమాట. లేవాలి. ఒక కాలు పూర్తిగా తిమ్మిరెక్కి ఉంది. అందుచేత చాలా నెమ్మదిగా, ముందు ఒక చెయ్యి, తర్వాత రెండోది, ఆగి, మళ్ళీ మోకాలు, ఇలా లేచాను. తోక మీది చీరలు ఒక్కొక్కటే జారాయి. డైరెక్టర్ తలెత్తి చూసి, పాకుతూ వెళ్ళి అలల శబ్దం పెట్టాడు.

మెట్లు దిగాను. కుర్చీల వెంబడి, తిమ్మిరి కాలు ఈడ్చుకుంటూ నడిచాను. తోక తగిలి ఒకటి రెండు కుర్చీలు పడ్డాయి. ఎవరూ అరవకపోవడం చూసి, అబ్బా ఎంతగా కదిలిపోయారో అనుకున్నాను. మొదటి వరస దాటుతుండగా వల కిటికీలో ఒక తెల్లని తల కనిపించింది. అది లేచింది. నిటారుగా నిలబడింది. తర్వాత నడుము దాకా వంగి, అలాగే చాలాసేపు ఉండిపోయింది. ఇది కథలో లేదు. నేనూ వంగాను. అట్ట కోర ఒకటి ఊడి ఆయన బూటు మీద పడింది. ఆయన దాన్ని వంగి తీసి జేబులో పెట్టుకున్నారు.

సముద్రం అంటే వెనక తలుపు. దాన్ని తోసుకుని వెళ్ళాను. తలుపు అవతల సముద్రానికి బదులు పప్పు, వంకాయ కూర, పొడుగాటి వరస ఉన్నాయి. ఊళ్ళో తెలుగువాళ్ళందరూ చేతుల్లో పేపర్ ప్లేట్లతో నావైపు తిరిగారు. నా ప్రతిభ గురించిన విశ్వాసం ఆ గుమ్మంలోనే పోయింది.

"లేచాడు!" అని హెడ్మాస్టారు గరిటె ఎత్తారు. "ఆకలేసి లేచాడు! నే చెప్పలా భక్ష్యాల పద్ధతే పద్ధతని!"

నన్ను విప్పడానికి స్క్రూడ్రైవర్ వెతుకుతుండగా తాతగారు, కూతురు వచ్చి వరసలో నిలబడ్డారు. ఈ కథ ఆయనదేనని డైరెక్టర్ చెబితే హెడ్మాస్టారు నివ్వెరపోయారు. "ఈయన సినిమా మనిషా? రోజూ చెరువు దగ్గర ఇంత పెద్దదని చేతులు చాపి చూపిస్తుంటే, చేపల వ్యాపారం చేసేవాడనుకున్నానయ్యా! నేను రేట్లు కూడా అడిగాను!" ఆ తర్వాత పెద్దరికం గుర్తొచ్చి, తన హైస్కూలు ఇంగ్లీషులో, కూతురి ద్వారా కుంభకర్ణుడి కథ మొత్తం ఆయనకు వినిపించారు. ఆరు నెలల నిద్ర, ఏనుగులతో తొక్కించడం, బండ్లకొద్దీ అన్నం. తాతగారు ప్లేటు పట్టుకుని శ్రద్ధగా విన్నారు. చివర ఏదో అడిగారు.

"లేపాక ఏమయ్యాడు అంటున్నారు," అంది కూతురు.

హెడ్మాస్టారు గరిటె కింద పెట్టారు. "ఏమవుతాడమ్మా... యుద్ధానికి పంపారు. పోయాడు."

ఆమె చెప్పింది. తాతగారు తల ఊపారు. తన ప్లేటులోని బొబ్బట్టు కేసి చూస్తూ నెమ్మదిగా రెండు మూడు మాటలన్నారు. ఆమె నవ్వి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని చెప్పింది: "మా నాన్న కూడా అందుకే ఎవరినీ లేపనివ్వలేదట. ఇంకొకటి కూడా చెప్పమంటున్నారు. అది లేచేసరికి ఊరు ఖాళీగా ఉండాలన్నది ఆయనకు అప్పట్లో తట్టలేదట. ఇప్పుడు కథ పూర్తయిందట." అప్పటికి నా తల బయటికి వచ్చింది. ఆయన నన్ను మొదటిసారి మనిషిగా చూసి, రెండు అరచేతులూ చెంప కింద పెట్టుకుని, బాగా నిద్ర పట్టిందా అన్నట్టు సైగ చేశారు. పట్టిందన్నాను. తన బొబ్బట్టు తీసి నా చేతిలో పెట్టారు.

తాతగారు అనుకున్న రోజే వెళ్ళిపోయారు. మృగాన్ని విప్పి మళ్ళీ పరుపు చేద్దామంటే తోక ఊడి రాలేదు. నా కాంట్రాక్టు ముగిసేదాకా తోక ఉన్న పరుపు మీదే పడుకున్నాను. డైరెక్టర్ ఇప్పుడు జెర్సీ సిటీలో ఒక ఎత్తైన భవనంలో ఉంటాడు, రైలెక్కి బ్యాంకు ఉద్యోగానికి పోతాడు. సినిమా తీయలేదు. ఉగాదికి మాత్రం తప్పకుండా ఫోన్ చేసి, "లేసినవా భై?" అంటాడు. నేను రెండు గంటలు నిద్రపోయానని అతని వాదన. గంటలోపే. అది నేను లెక్క కట్టాను.

నేనిప్పుడు జార్జియాలో, కమ్మింగ్‌లో ఉంటున్నాను. నన్ను లేపడానికి ఫోన్‌లో మూడు అలారాలు, అవి చాలవన్నట్టు ఆఫీసు వాళ్ళు. లేచిన ప్రతిసారీ ఏదో ఒక యుద్ధానికే. మొన్న ఉగాది సభకు మా అమ్మాయిని తీసుకువెళ్ళాను. ముఖ్య అతిథి పరిచయం నడుస్తుండగా కళ్ళు మూతపడ్డాయి. తెరిచేసరికి హాలు ఖాళీ. కుర్చీలన్నీ అడ్డదిడ్డంగా ఉన్నాయి. పక్క కుర్చీలో మా అమ్మాయి కాళ్ళు పైకి పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉంది.

"డిన్నర్ పిలిచారా?" అన్నాను.

"ఎప్పుడో. ఎవ్రీబడీ వెళ్ళిపోయారు."

"మరి నన్ను లేపలేదేమే?"

"మీరే చెప్పారు కదా నాన్నా, లేపకూడదు అని." ఫోన్ లోంచి తలెత్తకుండానే అంది. "ఇట్ హ్యాజ్ టు గెట్ అప్ బై ఇట్సెల్ఫ్."

లేచాను. ముందు ఒక చెయ్యి, తర్వాత రెండోది, ఆగి, మళ్ళీ మోకాలు. తిమ్మిరి లేదు, ఇప్పుడు మోకాళ్ళే అంత నెమ్మది. వరసల మధ్య నడుస్తుంటే నా లాల్చీ జేబు చిక్కుకుని ఒక కుర్చీ పడింది. మేము వెళ్ళేసరికి పులిహోర అయిపోయింది. పెరుగన్నం ఉంది, బొబ్బట్టు ఒకటే మిగిలి ఉంది. సగం తుంచి ఆమెకు ఇచ్చాను. ఆమె తినకుండా నా మొహం చూసి, "నాన్నా, ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగింది. నవ్వుతున్నానని నాకు అప్పుడే తెలిసింది.